ఆయుధం – న్యాసం

వాల్మీకి రామాయణంలో, అరణ్యకాండలో, సీత రామునికి ఒక చిన్న కథ చెబుతుంది. దండకారణ్యంలోని ఋషులు రాక్షసబాధకు ఓర్వలేక శరణు వేడగా రాముడు వారికి అభయమిచ్చాడు. విల్లు చేతబట్టి అడవిలో ముందుకు సాగుతున్న భర్తను చూచి ఆమె మనస్సు కలత చెందింది. పూర్వం ఒక తపోవనంలో సత్యవంతుడైన ముని ఒకడు ఉండేవాడట. అతని తపస్సుకు విఘ్నం కలిగించదలచిన ఇంద్రుడు భటుని వేషంలో వచ్చి, తన ఖడ్గాన్ని అతని వద్ద న్యాసంగా, అనగా తిరిగి అడిగేవరకు కాపాడవలసిన పరుల సొత్తుగా, ఉంచి వెళ్లాడు. మునికి లోభం లేదు. హింసాబుద్ధి అసలే లేదు. అతనికి ఉన్నదల్లా అప్పగించిన వస్తువు పోరాదన్న జాగ్రత్త. ఆ జాగ్రత్తకొద్దీ పండ్లకో దుంపలకో పోయినప్పుడు కూడా కత్తిని వెంటబెట్టుకొనే పోయేవాడు. కొన్నాళ్లకు చేయి కత్తికి అలవాటుపడింది. మరికొన్నాళ్లకు మనస్సు చేతికి అలవాటుపడింది. బుద్ధి క్రౌర్యం వైపు మొగ్గింది. తపస్సు చెడింది. తుదకు ముని నరకం పాలయ్యాడు.

రాముడు ఆ మాటకు కోపగించలేదు. లోకంలో ఆర్తుల మొర వినబడకుండా ఉండడానికే క్షత్రియులు విల్లు ధరిస్తారని మాత్రం సమాధానం చెప్పాడు. కవి ఈ ఇద్దరిలో ఎవరినీ ఓడించలేదు. ఆయుధం పట్టనివాని వలన ఆర్తుడు చెడవచ్చును. ఆయుధం పట్టినవాడు తానే చెడవచ్చును. ఈ రెండు సత్యాల నడుమనే ఆయుధధారణను గూర్చిన ధర్మవిచారం ఎన్ని యుగాలుగానో సాగుతున్నది. ఆనాటి ఖడ్గం స్థానంలో నేడు తుపాకి వచ్చింది. ప్రశ్న మారలేదు గాని మరింత సూక్ష్మమైనది. ఆయుధం ఉండవచ్చునా అన్నంత మాత్రాన విచారం ముగియదు. ఎటువంటి ఆయుధం, ఎంత పొడుగుది, ఎక్కడ దాచినది అన్నవి కూడా నీతికి సంబంధించిన ప్రశ్నలే అయినాయి.

ఒక ఆయుధం పొడుగుకూ నీతికీ సంబంధమేమిటని శంకించేవారు ఒక విశేష జాతి తుపాకిని పరిశీలించాలి. బారు తుపాకిలో వేసే తూటాను చేతిలో ఇమిడే పొట్టి తుపాకితో పేల్చడం ఈ జాతి లక్షణం. లోకంలో ఇది అనేక రూపాలలో కనబడుతుంది. గొట్టం కోసివేసిన వేటతుపాకి ఒక రూపం. ఆ తూటా పట్టేట్లుగా చేసిన రివాల్వరు మరొక రూపం. ఉత్తరప్రదేశ్, బీహారు పల్లెలలో దొంగచాటుగా తయారయ్యే కట్టా లేక తమంచా వేరొక రూపం. రాజ్యాలు వేరైనా, చేసే చేతులు వేరైనా, ఈ ఆయుధం వెనుక ఉన్న మనఃస్థితి ఇంచుమించు ఒక్కటే.

ముందుగా ఆ తూటా స్వభావం తెలియాలి. పన్నెండు బోరు అంటే, గొట్టం కొలతకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగుతాయని అర్థం. ఆ గొట్టం వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పిట్టలవేటకు వాడే తూటాలో ఒక్క గుండు కాక రెండు వందలకు పైగా సీసపు పలుకులుంటాయి. అవి గొట్టం దాటిన పిదప పరచుకొంటూ పోతాయి. ఎగిరే పిట్టను ఒంటి గుండుతో కొట్టడం మానవమాత్రునికి దుష్కరం గనుక వేటగాని కోసం ఈ ఉపాయం పుట్టింది. పలుకులు మరీ చెదరిపోకుండా చాలా వేటతుపాకులకు మూతి వద్ద గొట్టాన్ని స్వల్పంగా ఇరుకు చేస్తారు. భుజానికి ఆనించే చెక్క, రెండున్నర అడుగుల గొట్టం, రెండు చేతుల పట్టు, ఇవన్నీ కలిసినప్పుడే ఆ తుపాకి తన పని సక్రమంగా చేస్తుంది. అది పొలంలో, చెరువు గట్టుపై, పగటి వెలుగులో వాడే పనిముట్టు. దానిని పట్టుకొని వీధిలో నడిచేవానిని ఊరంతా చూస్తుంది.

ఆ గొట్టాన్ని కోసినప్పుడు ఏమవుతుంది? మూతి వద్ద ఉన్న ఇరుకు పోతుంది. పలుకులు త్వరగా చెదరుతాయి. వేగం కొంత తగ్గుతుంది. దూరపు గురి నశిస్తుంది. వేటకు అది పనికిరాదు. అనగా, కోయడం వలన ఆ పనిముట్టు తన సహజమైన ప్రయోజనాలన్నీ పోగొట్టుకొని ఒక్క గుణాన్ని మాత్రమే సంపాదించుకొంటుంది: అది కోటు కింద ఇముడుతుంది. మానవుడు ఒక వస్తువుకు ఉన్న సద్గుణాలను తెలిసి తెలిసి నరికివేసి, దాగే గుణం కోసం అంత వెల చెల్లించాడంటే, అతని అవసరం ఎక్కడ ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆయుధానికి అత్యంత విశాలమైన చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నది. 1922లో అక్కడి ఇతాకా కంపెనీ ఇరవై బోరు జంట గొట్టాల పొట్టి తుపాకిని అమ్మకానికి పెట్టి దానికి ‘ఆటో అండ్ బర్గ్లర్’ అని పేరు పెట్టింది. మోటారు కారులో పోయేవానికీ, ఇంట్లో దొంగభయం ఉన్నవానికీ అని దాని భావం. మద్యనిషేధపు రోజులవి, నేరస్థుల ముఠాలు నగరాలలో కాల్పులు జరుపుకొంటున్నాయి. 1934లో ఆ దేశపు శాసనసభ జాతీయ తుపాకుల చట్టం చేసింది. 18 అంగుళాల కంటె పొట్టి గొట్టం గల షాట్‌గన్నును నమోదు చేయించాలనీ, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను కట్టాలనీ విధించింది. ఆ కాలంలో అది సామాన్యుడు కట్టజాలని మొత్తం. ఆ బర్గ్లర్ తుపాకి తయారీ అంతటితో ఆగిపోయింది.

ఆ చట్టం పుట్టుకలో ఒక వింత ఉన్నది. మొదటి ముసాయిదాలో పిస్తోళ్లూ రివాల్వర్లూ కూడా పన్నుకింద చేరి ఉండినాయి. పిస్తోలుపై పన్ను ఉన్నప్పుడు పెద్ద తుపాకిని కోసి పిస్తోలుగా మార్చుకొనేవారిని అడ్డుకోవడానికి పొట్టి గొట్టాల నిబంధన తోడుగా వచ్చింది. పిదప చర్చలలో పిస్తోళ్లను తొలగించారు. పొట్టి గొట్టాల నిబంధన మాత్రం నిలిచిపోయింది. ఇల్లు కట్టకుండానే కంచె మిగిలినట్లయినది. అందువలన అక్కడ దాచదగిన పిస్తోలు సులభంగా దొరికింది. కోసిన షాట్‌గన్ను మాత్రం మహాపరాధమైంది. ఈ అసంగతాన్ని ఆ దేశపు తుపాకి ప్రియులు ఎత్తి చూపితే దానికి తర్కంలో జవాబు లేదు. 1939లో అత్యున్నత న్యాయస్థానం ఇటువంటి కోసిన తుపాకి కేసులోనే ఆయుధధారణ హక్కును విచారించి, ప్రజాసైన్యపు నిర్వహణకు ఈ ఆయుధానికి సమంజసమైన సంబంధమున్నట్లు తమకు నిదర్శనం కనబడలేదని చెప్పి చట్టాన్ని నిలబెట్టింది. 1918లోనే అమెరికా సైనికులు కందకాలలో 20 అంగుళాల గొట్టం గల షాట్‌గన్నులు వాడుతున్నారని జర్మనీ నిరసన తెలిపి ఉండగా, యుద్ధంలో ఆ తూటాకు చోటే లేదని అనడం కష్టం. అయితే కందకపు తుపాకి కోటు కింద దాగేది కాదు.

ఆ తరువాతి కథ చట్టానికీ చాతుర్యానికీ జరిగిన పందెం వంటిది. నున్నని గొట్టం గల పొట్టి తుపాకినే చట్టం పట్టుకొన్నది గనుక గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు పెట్టి, ఒకే చాంబరులో రివాల్వరు తూటానూ, 410 బోరు షాట్‌గన్ తూటానూ పేల్చదగిన ఆయుధాలను కల్పించారు. బ్రెజిల్ దేశపు టారస్ కంపెనీ చేసి, ఇంచుమించు 2006 నుంచి అమెరికాలో అమ్ముతున్న ఇటువంటి రివాల్వరు పేరు ‘జడ్జి’. కొందరు న్యాయమూర్తులు ఆత్మరక్షణకై దానిని న్యాయస్థానంలో దగ్గర ఉంచుకొంటారని తెలిసి ఆ పేరు పెట్టామని కంపెనీవారు చెప్పుకొన్నారు. ఆ పేరులోని వ్యంగ్యం పెట్టినవారికి తోచిందో లేదో తెలియదు. న్యాయమూర్తి ఉభయపక్షాలు విని నేరస్థుని నిరపరాధి నుంచి విడదీస్తాడు. ఈ ‘జడ్జి’ ఎవరినీ విడదీయదు. గాడుల మూలాన పలుకులు గిర్రున తిరిగి పక్కలకు విసరబడతాయి. కొన్ని గజాల దూరంలో అవి తరచు వలయంగా పడి, గురిచూచిన నడిమి చోటు ఖాళీగా మిగులుతుంది. గురిపెట్టిన వస్తువు తప్ప దాని చుట్టుపక్కల ఉన్నదంతా దెబ్బతినే అవకాశం గల ఆయుధానికి ధర్మాసనం పేరు వచ్చింది.

అయినా దీనిని ఉంచుకొనేవారందరూ దుర్మార్గులని అనడం అన్యాయం. పశువుల వెంట బీళ్లలో తిరిగేవాడు కాలిదగ్గర బుసకొట్టే పామును ఒంటిగుండుతో కొట్టలేడు. పది అడుగుల లోపున చిన్న పలుకుల తూటా అతనికి ఉపకరిస్తుంది. బారు తుపాకి మోయడం పనికి అడ్డు. కొందరు వృద్ధులకు భుజం సహకరించదు. కొందరికి యంత్రంపై ముచ్చట. ఆదివారం నాడు మైదానంలో డబ్బాలను కొట్టి, శుభ్రంగా తుడిచి, తాళం పెట్టుకొంటారు. వారి వలన ఎవరికీ కీడు జరగలేదు. 2025లో చేసిన చట్టం ద్వారా ఆ దేశం పొట్టి షాట్‌గన్నులపై ఆ 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నకు తగ్గించింది. నమోదు నిబంధనను రద్దు చేయలేదు. పన్ను పోయిన సంగతి వీరికి ఆనందకరమే. విచారించవలసినది మంచివాని దగ్గర ఈ ఆయుధం ఉండవచ్చునా అని మాత్రమే కాదు. మంచివానిని ఇది మంచివానిగా ఉండనిస్తుందా అని. సీత చెప్పిన కథలోని ముని కూడా మంచివాడే.

ఇక మన దేశానికి వస్తే ఆ ఆయుధం అంగట్లో కాక చాటుమాటున కనబడుతుంది. మీర్ ఖాసిం 1760ల దశకంలో ముర్షిదాబాదు విడిచి ముంగేరుకు రాజధాని మార్చినప్పుడు అక్కడ తుపాకుల కార్ఖానా నెలకొన్నది. తరతరాలుగా ఆ ఊరి పనివారు గొట్టాలు తొలిచే విద్యలో పేరు పొందారు. ప్రభుత్వపు అనుమతితో నేటికీ అక్కడ వేటతుపాకులు తయారవుతాయి. అదే విద్య చాటున పడితే కట్టా అవుతుంది. ఎక్కడో ఒక నీటిగొట్టపు ముక్క, లేదా పాత మోటారు బండి స్టీరింగు కడ్డీ, ఒక చెక్క పిడి, ఒక స్ప్రింగు, పన్నెండు బోరు తూటా పట్టే సందు. ఒకసారి ఒక్క దెబ్బ మాత్రమే. ఉక్కు నాణ్యత చూచేవారు లేరు గనుక అది ఒక్కొక్కప్పుడు కాల్చినవాని చేతిలోనే పగిలి వ్రేళ్లను తీసుకొనిపోతుంది. శత్రువుకూ యజమానికీ భేదం పాటించని ఆయుధమది. తుపాకులతో జరిగే హత్యలలో అత్యధిక భాగం లైసెన్సు లేని ఇటువంటి ఆయుధాలవే.

మన శాసనకర్తలు ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. 1959 ఆయుధాల చట్టంలోని 6వ విభాగం, లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కురచ చేయడాన్నే నిషేధిస్తున్నది. న్యాయంగా కొన్న తుపాకి అయినా సరే, తన సొంతదైనా సరే, దాని గొట్టం కోసే స్వేచ్ఛ యజమానికి లేదు. ఇంటిలోని మంచం కాళ్లు కోసుకొనేవానిని ఎవరూ అడగరు. తుపాకి గొట్టం కోసుకొనేవానిని రాజ్యం నిలదీస్తుంది. ఈ ఒక్క నిబంధనలో ఒక లోతైన భావం ఇమిడి ఉన్నది: తుపాకి తక్కిన వస్తువుల వలె సొంతమయ్యే వస్తువు కాదు.

ఈ సిద్ధాంతానికి ఎదురుగా నిలిచే పూర్వపక్షం బలహీనమైనదేమీ కాదు. 1878లో లిట్టన్ పరిపాలనలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుని చేతిలోని ఆయుధానికి లైసెన్సు విధించి యూరోపియనునికి మినహాయింపు ఇచ్చింది. దాని ఉద్దేశం శాంతిరక్షణ అని పాలకులు అన్నారు. అవమానమని ప్రజలు గ్రహించారు. అహింసకు ప్రాణమిచ్చిన గాంధీజీయే 1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి జనాన్ని సమకూర్చే సందర్భంలో, ఒక జాతినంతటినీ నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని బ్రిటిషు పాలన చేసిన అపకారాలలో అత్యంత నల్లనిదిగా చరిత్ర పరిగణిస్తుందని కరపత్రంలో వ్రాశాడు. చేతిలో ఆయుధం లేక హింస మానినవానిది అహింస కాదనీ, అది అశక్తత మాత్రమేననీ ఆయన నమ్మకం. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కులలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకొనే హక్కు కూడా ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ ఆ తీర్మానాన్ని గుర్తుచేసి, ఆయుధధారణను పౌరుల హక్కులలో చేర్చవలసిందని సవరణ ప్రతిపాదించాడు. ప్రతివాడూ అంగడికి పోయి ఏ అడ్డూ లేకుండా ఆయుధాలు కొనగల హక్కు ఉంటే రాజ్యపాలన సాగించడం ఎట్లాగని డాక్టర్ అంబేద్కర్ ప్రశ్నించాడు. సవరణ నెగ్గలేదు. సిక్కుల కృపాణం మాత్రం 25వ అధికరణంలో మతస్వాతంత్ర్యపు అంగంగా చోటు సంపాదించుకొన్నది. పరాయి ప్రభుత్వం చేసినదాన్ని స్వప్రభుత్వం కొనసాగించిందని నిందించేవారు ఒక్క తేడా గమనించాలి. 1878 నాటి చట్టం ఒక జాతిని నమ్మలేదు; తరువాతి చట్టం ఏ ఒక్కని చేతినీ విచారించకుండా నమ్మలేదు. మొదటిది అవమానం, రెండవది జాగ్రత్త. ఆచరణలో ఈ రెండింటి నడుమ గీత చెరిగిపోయి, పలుకుబడి గలవాని బీరువాలోకి లైసెన్సు సులువుగా చేరడం, మారుమూల రైతు ఏళ్ల తరబడి కచేరీ మెట్లు ఎక్కడం జరుగుతున్నదనే ఫిర్యాదు వినవలసినదే. కాని ఆ దోషానికి మందు లైసెన్సును న్యాయంగా ఇవ్వడం. లైసెన్సునే ఎత్తివేయడం కాదు.

ఆర్తుల మాట ఇంకా మిగిలి ఉన్నది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2014లో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ పేరుతో స్త్రీలకోసం ఒక తేలికపాటి రివాల్వరును విడుదల చేసింది. బలాత్కారానికి గురి అయ్యే ఆడకూతురికి ఏ నీతిశాస్త్రజ్ఞుడూ ఓర్పు బోధించలేడు. అయితే విడుదలనాడు దాని వెల లక్షా ఇరవై వేల రూపాయలకు పైమాటగా ఉండినది. ఎవరి మొర నిత్యం వినబడుతున్నదో వారికి అది అందదు. అందుకోగలవారికి కారూ కావలివాడూ ముందే ఉన్నారు. బర్గ్లర్, జడ్జి, నిర్భీక్, ఈ మూడు పేర్లనూ వరుసగా చదివితే ఆయుధం భయాన్ని పోగొట్టినట్లు కాక, భయమే ఆయుధానికి పేరు పెట్టినట్లు కనబడుతుంది. ఆర్తుని కాపాడడం రాజ్యధర్మం. ఆ ధర్మాన్ని రాజ్యం ఒక ఇనుప వస్తువుగా మార్చి అమ్మితే, అది తన బాధ్యతను బాధితుని చేతిలోనే పెట్టి తప్పుకొన్నట్లు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పిస్తోలు మాత్రమే దుష్టమనీ, బారు తుపాకి మాత్రమే మంచిదనీ భావించరాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతపతకం గెలిచినది షాట్‌గన్నుతోనే. 2012లో విజయకుమార్, 2024లో మను భాకర్ పతకాలు గెలిచినది పిస్తోలుతో. ఆ విద్యలో ఊపిరిని అదుపులో పెట్టాలి; మనస్సు కదలరాదు; మీట మీద వ్రేలు తొందరపడరాదు. ఏళ్ల తరబడి సాధన చేసిన అటువంటి చేతిలో ఆయుధం చేతిని శిక్షించే గురువు అవుతుంది. కొడగు ప్రాంతపు కొడవలు కైల్‌పోద్ పండుగనాడు తుపాకులను పూలతో అలంకరించి పూజిస్తారు. బిడ్డ పుట్టినప్పుడు, పెద్దలు గతించినప్పుడు తుపాకి పేల్చి ఊరికి తెలియజేస్తారు. వారికి లైసెన్సు మినహాయింపు పత్తొమ్మిదవ శతాబ్దం నుంచీ ఉన్నది. ఆ తుపాకి అందరికీ తెలిసినది, అందరూ చూచినది. దాని ధ్వని ఒక వార్త. పెండ్లి ఊరేగింపులలో మత్తెక్కినవాడు పేల్చే తుపాకి అటువంటిది కాదు. అది ఎందరినో నిష్కారణంగా బలిగొన్నది. 2019 సవరణ ఆ వేడుక కాల్పులను ప్రత్యేక నేరంగా చేసి, ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది.

ఈ ఉదాహరణల నుంచి ఒక భేదం తేటపడుతుంది. పిస్తోలు దాగుతుంది నిజమే. కాని అది గురిని కోరుతుంది. ఎవరిని కొడుతున్నావో చూచి కొట్టమంటుంది. బారు షాట్‌గన్ను గురిలో కొంత సడలింపు ఇస్తుంది నిజమే. కాని అది బాహాటాన్ని కోరుతుంది. ఎదురుగా నిలిచి పట్టుకోమంటుంది. ఈ రెండింటి సంకరం వలన పుట్టిన పొట్టి షాట్‌గన్ను గురినీ కోరదు, బాహాటాన్నీ కోరదు. తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి ఉన్న సుగుణం పోయి ఇద్దరి దోషాలూ బిడ్డకు వచ్చినట్లయినది. చూడకుండా కొట్టడం, కనబడకుండా తిరగడం, ఈ రెండూ ఒక్కచోట చేరిన ఆయుధం తన యజమాని నుంచి ఏ శిక్షణనూ, ఏ బాధ్యతనూ అడగదు. అది అడిగేది భయం ఒక్కటే. భయపడినవాడు కన్నులు మూసుకొని మీట నొక్కినా అది పని చేస్తుంది. అందుకే భయానికి అది అంత ప్రియమైనది.

దాగిన ఆయుధం ఏమి చేయగలదో ఈ దేశానికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1948 జనవరి 30న ఢిల్లీలో బిర్లా భవనపు ప్రార్థనాసభకు నడచివస్తున్న వృద్ధుని ఎదుట ఒకడు నమస్కరించేవాని వలె నిలిచాడు. అతడు దాచి తెచ్చిన బెరెట్టా పిస్తోలు మూడుసార్లు పేలింది. బారు తుపాకితో ఎవరూ ఆ గుంపులో అంత దగ్గరకు రాలేరు. దాపరికం వలన కలిగే మొదటి నష్టం అదే: అది నమస్కారాన్ని కూడా అనుమానించవలసిన వస్తువుగా చేస్తుంది. వీధిలో ఎదురయ్యే పదిమందిలో ఒకని కోటు కింద ఏదో ఉన్నదని తెలిసిన తరువాత తక్కిన తొమ్మండుగురు కూడా సహజంగా నడవలేరు. వారిలో కొందరు తామూ ఒకటి కొనుక్కొంటారు. భయం ఒకరినుంచి మరొకరికి అంటుకొంటుంది.

రెండవ నష్టం ఇంటిలోనే. ఆయుధం కొన్నవాడు దొంగను ఊహించుకొని కొంటాడు. దొంగ ఏ సంవత్సరమో ఒకనాడు వస్తాడో రాడో. ఆయుధం మాత్రం మూడువందల అరవై అయిదు రోజులూ ఇంట్లో ఉంటుంది. ఆ ఇంట్లోనే తగవులుంటాయి, అప్పులుంటాయి, పరీక్ష తప్పిన పిల్లవాడుంటాడు, నిద్రపట్టని రాత్రులుంటాయి. అమెరికాలో తుపాకి మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకి ఉండడం ఆ ప్రమాదాన్ని పెంచుతుందని అక్కడి పరిశోధనలు పదే పదే చూపినాయి. క్షణికమైన నిరాశ ఎవరికైనా వస్తుంది, పోతుంది. చేతికందే దూరంలో పొట్టి తుపాకి ఉన్నచోట ఆ నిరాశకు గడిచిపోవడానికి వ్యవధి దొరకదు. సీత చెప్పిన ముని ఇతరులను చంపి నరకానికి పోయాడో, తన లోపలి మునిని చంపుకొని పోయాడో కథలో చెప్పలేదు. రెండూ నరకమే.

అయితే మునిచేసిన తప్పు ఏది? ఖడ్గాన్ని తీసికొనడం తప్పు కాదు. నమ్మి ఇచ్చినవానిని కాదనలేదు. కాపాడడం తప్పు కాదు. దానిని చూరులో చెక్కి తన పని తాను చూచుకొని ఉంటే న్యాసం న్యాసంగానే ఉండేది. అతడు దానిని వెంటబెట్టుకొన్నాడు. ఏనాడు దానిని వదిలి అడుగు వేయలేకపోయాడో ఆనాడే న్యాసం స్వంతమైంది, స్వంతమైనది సహచరమైంది, సహచరం యజమాని అయింది. ఆయుధం విషయంలో ఆస్తి అన్న మాట ఎంత ప్రమాదమో ఈ మూడు మెట్లు చూపుతాయి. తుపాకి ఎవనికీ స్వంతం కారాదు. అది సమాజం ఒకని చేతిలో ఉంచిన న్యాసం. న్యాసానికి రెండు లక్షణాలు: ఇచ్చినవారు అడిగినప్పుడు చూపదగినదై ఉండాలి, అవసరం తీరగానే వదలదగినదై ఉండాలి. లైసెన్సు అన్న కాగితానికి నిజమైన అర్థం ఇదే. దాచడం కోసమే కోసిన గొట్టం మొదటి లక్షణానికి విరోధం. తలగడ కింద లేనిదే నిద్రపట్టని తుపాకి రెండవ లక్షణానికి విరోధం. బీడులో పాముకోసం పొట్టి తుపాకి పట్టినవాడు కూడా ఈ రెండు పరీక్షలకు నిలవాలి: దానిని నలుగురి ఎదుట చూపగలడా? సాయంకాలం తాళం పెట్టి మరచిపోగలడా? అవునన్నవాని చేతిలో అది పనిముట్టు. కాదన్నవాని చేతిలో, అతడు ఎంత సజ్జనుడైనా, అది ఇంద్రుడు విడిచిపోయిన కత్తి.

భారతంలో దీనికి ప్రతిగా మరొక న్యాసం కథ ఉన్నది. అజ్ఞాతవాసానికి విరాటనగరం చేరబోయే ముందు పాండవులు తమ ఆయుధాలన్నింటినీ కట్టగట్టారు. శ్మశానం పక్కనున్న జమ్మిచెట్టుపైకి నకులుడు ఎక్కి వాటిని కొమ్మలకు బంధించాడు. ఎవరూ దగ్గరకు రాకుండా ఒక శవాన్ని కూడా అక్కడ కట్టారు. లోకంలో వారి కంటె ఎక్కువ శత్రుభయం గలవారు అప్పుడు లేరు. పట్టుబడితే మరల పన్నెండేండ్లు అరణ్యవాసం. అయినా ఒక్కడైనా చిన్న కత్తిని బట్టలలో దాచుకొని పోదామనలేదు. వంటవాడు వంటవాడుగానే, గుర్రాలవాడు గుర్రాలవాడుగానే ఏడాది గడిపారు. గోగ్రహణం నాడు ఆర్తుల మొర వినబడినప్పుడు అర్జునుడు ఉత్తరుని చెట్టెక్కించి గాండీవం దింపించాడు. పిదప శంఖం పూరించి, తానెవరో లోకానికి తెలిసేట్లుగా బయలుదేరాడు. రాముడు చెప్పిన ప్రయోజనమూ, సీత కోరిన నిగ్రహమూ ఆ ఒక్క చెట్టు కింద కలిసినాయి.

విజయదశమినాడు జమ్మిచెట్టుకు ప్రదక్షిణం చేసేవారు సామాన్యంగా ఆయుధాలు దింపిన ఘడియనే తలచుకొంటారు. ఆయుధాలను ఎక్కించిన ఘడియ కూడా తలచుకోదగినదే. దింపడానికి శౌర్యం చాలు. భయం వెంటాడుతున్న వేళ, పొడుగైనవీ పొట్టివీ అన్నీ కట్టగట్టి కొమ్మకు అప్పగించి, ఖాళీ చేతులతో ఊరిలోకి నడచిపోవడానికి శౌర్యం కంటె మించినది ఏదో కావాలి.